ఈసీ క్లీన్‌గా ఉంది, పాత పంచాయతీ లేఅవుట్‌లో 200 గజాలు తీసుకోవచ్చా?

కొత్తగా_కొంటున్నా
భువనగిరి వైపు 200 గజాల ప్లాట్ చూశాం. 1989 నాటి గ్రామపంచాయతీ లేఅవుట్, సర్వే నంబర్ 142, ప్లాట్ నంబర్ 87. మొదటి సేల్‌డీడ్ 1991లో పట్టాదారు చేశాడు, రెండోది 2006లో. 2006లో కొన్నాయన 2014లో ఇంకొకాయనకు ఏజీపీఏ (అమ్మకపు ఒప్పందం, దాంతో పాటు అమ్మే అధికారం) రాసిచ్చాడు. ఇప్పుడు అమ్ముతున్నది ఆ ఏజీపీఏ హోల్డర్. రేటు 44 లక్షలు. మధ్యవర్తి తెచ్చిన 13 ఏళ్ల ఈసీలో (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) ఆ ఏజీపీఏ తప్ప ఇంకేమీ లేదు. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) కూడా కట్టేశారని రసీదు చూపించాడు. ఆదివారం 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి నోటరీ అగ్రిమెంట్ రాసుకుందాం అంటున్నాడు. ఈసీ క్లీన్‌గా ఉన్నాక మళ్లీ లాయర్ ఎందుకు, డబ్బు దండగ అని ఆయన వాదన. ఇంకేం చూడాలి?

దస్తావేజు_రైటర్
ముందు ఆదివారం అడ్వాన్స్ ఆపండి.

ఈసీ అంటే రిజిస్టర్ అయిన లావాదేవీల పట్టిక, అంతే. హక్కు పత్రం కాదు. రిజిస్టర్ కాని వీలునామా, నోటిమాట పంపకం, కోర్టు కేసు, వారసుల వాటా ఇవేవీ అందులో కనిపించవు. పైగా 13 ఏళ్లదంటే మీ 1991, 2006 దస్తావేజులు కూడా అందులో ఉండవు. కంప్యూటర్ ఈసీ 1983 నుంచి వస్తుంది కదా, అక్కడి నుంచే తీయండి. అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి.

ఎలా వెతుకుతున్నారన్నది కూడా ముఖ్యం. ప్లాట్ నంబర్ మీద ఒకసారి, సర్వే నంబర్ మీద ఒకసారి, దస్తావేజు నంబర్ మీద ఒకసారి. ప్లాట్ నంబర్ ఒక్కటే కొడితే 142లో ఎకరాల లెక్కన జరిగిన అమ్మకం బయటికి రాదు. బై నంబర్లు (సర్వే నంబర్‌లో ఉపవిభాగాలు) ఒక దస్తావేజులో 142/ఎ అని, ఇంకోదానిలో 142/1 అని ఉంటాయి, రెండూ కొట్టాలి. ఆ ఊరు ఇదివరకు వేరే సబ్‌రిజిస్ట్రార్ పరిధిలో ఉండి ఉంటే ఆ ఆఫీసులోనూ చూడాలి.

పహాణీ_పాతది
దస్తావేజు రైటర్ అన్న చెప్పింది సగం పని. మిగతా సగం రెవెన్యూ దిక్కు ఉన్నది. తెలంగాణల పాత పంచాయతీ లేఅవుట్లు మునిగేది ఆడనే.

ఎట్లంటే, 1989ల పట్టాదారు ప్లాట్లు కొట్టి అమ్మిండు. ప్లాట్లు సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ అయినయి. కానీ పహాణీల (రెవెన్యూ వాళ్ల సాగు లెక్కల పుస్తకం) పేరు ఎవరూ మార్పియ్యలే, నాలా కన్వర్షన్ (సాగుభూమిని వేరే వాడకానికి మార్చుడు) కాలే. రెవెన్యూ లెక్కల అది ఇంకా పట్టాదారు సాగుభూమే. 2017ల భూరికార్డుల ప్రక్షాళన వచ్చింది. పట్టాదారు కొడుకులు విరాసత్ (వారసత్వ మార్పిడి) చేయించుకుని కొత్త పాస్‌బుక్ తెచ్చుకున్నరు. రైతుబంధు గూడ పడ్డది. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైనంక అదే భూమిని గుంటల లెక్కన ఇంకొకరికి తహసీల్దార్ దగ్గర రిజిస్టర్ చేసిండ్రు. ప్లాట్ ఈసీల ఇది రానే రాదు, ఎందుకంటే ఆ రిజిస్ట్రేషన్ వేరే దఫ్తర్ల అయింది.

అందుకే 142ను ధరణి బదులు వచ్చిన భూభారతిల కొట్టి చూడున్రి. ఖాతా ఎవరి పేరు మీదున్నది, ఎన్ని గుంటలున్నది, ఆడి ఈసీ ఏం చెప్తున్నది. ఎవరి పేరన్న సాగుభూమిగ కనిపిస్తే మీ ప్లాట్ మీద ఇంకో హక్కుదారు తయారున్నట్టే.

కొత్తగా_కొంటున్నా
ఇది నాకు అసలు తెలియదు. ఒకే నేలకు రెండు చోట్ల ఈసీ ఉంటుందా!

పహాణీ_పాతది
ఉంటది. సాగుభూమికి తహసీల్దారే రిజిస్ట్రార్, ప్లాట్లకు సబ్‌రిజిస్ట్రార్. రెండూ చూడందే రూపాయి గూడ ఇయ్యొద్దు. 1954-55 ఖాస్రా పహాణీ నకలు, తర్వాతి పహాణీలు గూడ తీయున్రి. పట్టాదారు కాలం, అనుభవదారు కాలం రెండూ చదవాలె. ఇనాం, రక్షిత కౌలుదారు, లావుణి పట్టా, సర్కారీ, భూదాన్ అని ఎక్కడన్న రాసి ఉంటే ఆడనే ఆగాలె, ఇసొంటి భూమి అమ్మకానికి అడ్డంకులుంటయి.

ఎల్బీనగర్_రాజు
ఎల్‌ఆర్‌ఎస్ రసీదు ఎంతది? 1,000 రూపాయలదా?

కొత్తగా_కొంటున్నా
అవును, 1,000. 2020ది.

ఎల్బీనగర్_రాజు
అది దరఖాస్తు ఫీజు బ్రదర్. ఎల్‌ఆర్‌ఎస్ 2020లో ఒక్కో ప్లాట్‌కు 1,000, మొత్తం లేఅవుట్‌కు 10,000 కట్టి అర్జీ పెట్టుకున్నారు. అర్జీ పరిశీలించి, క్రమబద్ధీకరణ చార్జీలు కట్టించుకుని ప్రొసీడింగ్స్ ఇస్తేనే ఎల్‌ఆర్‌ఎస్ అయినట్టు. ఆ ప్రొసీడింగ్స్ కాపీ అడగండి, లేదంటే కాలేదనే అర్థం.

ప్రొసీడింగ్స్ ఉన్నా అది ప్లాట్‌ను క్రమబద్ధం చేస్తుందే తప్ప యజమాని ఎవరో తేల్చదు. చెరువు శిఖం (చెరువు అడుగు భూమి), ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) పడితే అదీ రాదు. దగ్గర్లో చెరువు ఉందా? 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి.

సివిల్_కోర్టు_మెట్లు
ఏజీపీఏ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇచ్చినాయన బతికే ఉన్నాడా? ఈ ఒక్క ప్రశ్నతో సగం సంగతి తేలుతుంది.

కొత్తగా_కొంటున్నా
చనిపోయాడని మధ్యవర్తి నిన్ననే చెప్పాడు. ఏజీపీఏ ఉంది కాబట్టి ఇబ్బంది లేదట.

లక్ష్మి_నల్గొండ
ఇచ్చినవాడు పోతే పవర్ కూడా పోతుంది. ఇంక అమ్మే హక్కు లేదు. అంతే కదా?

సివిల్_కోర్టు_మెట్లు
అంత తేలిగ్గా కాదు లక్ష్మి గారూ. ఉత్త జీపీఏ (అధికార పత్రం) అయితే మీరన్నదే, ఇచ్చినవాడి మరణంతో ఏజెన్సీ ముగుస్తుంది. ఇది అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కమ్ జీపీఏ. డబ్బు మొత్తం తీసుకుని హోల్డర్ ప్రయోజనం కోసమే ఇచ్చిన పవర్ అయితే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 202 కింద మరణంతో రద్దు కాదని వాదించొచ్చు. అందుకే 2014 పత్రంలో ప్రతిఫలం పూర్తిగా ముట్టిందని రాశారా, బ్యాంకు ద్వారా వెళ్లిందా, స్వాధీనం ఇచ్చారా అన్నవి చదవాలి. 10 లక్షలకు ఒప్పుకుని లక్ష మాత్రమే ముట్టినట్టు రాసి ఉంటే ఆ వాదన నిలబడటం కష్టం.

ఇంకో మాట. ఏజీపీఏ వల్ల హోల్డర్ యజమాని అయిపోడు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది, రిజిస్టర్డ్ సేల్‌డీడ్‌తోనే స్థిరాస్తి మారుతుంది. హోల్డర్ మీకు చేసే డీడ్ కూడా పోయినాయన తరఫున ఏజెంటుగా చేసేదే.

దస్తావేజు_రైటర్
సెక్షన్ 202 వాదన కోర్టులో పనికొస్తుందేమో, కొనేవాడికి కోర్టు మెట్లెక్కాలని ఉండదు. వారసులందరినీ డీడ్‌లో కన్సెంటింగ్ పార్టీలుగా (సమ్మతి సంతకం పెట్టేవాళ్లుగా) కూర్చోబెట్టండి, వాదనే పుట్టదు. వాళ్లు రాము అంటే ఎందుకు రారో అక్కడే తెలుస్తుంది.

సివిల్_కోర్టు_మెట్లు
ఒప్పుకుంటాను. వారసులంటే ఎవరన్న దగ్గరే జనం జారిపోతారు. హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే స్వార్జితంలో భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి అందరికీ సమాన వాటా. తల్లి క్లాస్ 1 (మొదటి వరుస) వారసురాలు, తండ్రి కాదు. కొడుకు పోయేనాటికి ఆమె బతికుంటే వాటా వచ్చేసినట్టే. తర్వాత ఆమె కూడా పోతే ఆ వాటా ఆమె మిగతా పిల్లలకూ పాకుతుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఆమె పేరు లేదని ఆమె హక్కు ఆగదు, తహసీల్దార్ ఇచ్చే ఆ కాగితం హక్కులు తేల్చదు.

వారసుల్లో మైనర్ ఉంటే గార్డియన్ సంతకం చాలదు, మైనర్ స్వంత వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. లేకపోతే 18 నిండాక 3 ఏళ్లలోపు వచ్చి ఆ అమ్మకాన్ని కొట్టేయించుకోవచ్చు.

లక్ష్మి_నల్గొండ
1991లో అమ్మిన పట్టాదారు సంగతో? ఆ భూమి పిత్రార్జితం అయితే ఆడపిల్లలు ఇప్పుడు రాగలరా?

సివిల్_కోర్టు_మెట్లు
మంచి ప్రశ్న. మనకు ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే, ఆనాటికి పెళ్లికాని కూతుళ్లకు కోపార్సెనర్ హక్కు (పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో వాటా) వచ్చింది. దేశమంతా వచ్చింది 2005 సెప్టెంబర్ 9న. 2020లో వినీతా శర్మ తీర్పు ఆనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని చెప్పింది. 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిన అమ్మకాలను, రిజిస్టర్డ్ పంపకాలను 2005 చట్టం తిరగతోడదు. కానీ 1991 అమ్మకం 1985 తర్వాతది కాబట్టి, 1985 నాటికి ఆ ఇంట్లో పెళ్లికాని ఆడపిల్ల ఉందేమో కనుక్కోవాలి. పిత్రార్జితమా స్వార్జితమా అన్నది ఖాస్రా నాటి పేరుతో కొంత తెలుస్తుంది.

బ్యాంకు_ప్యానెల్
ఇంత అవసరమా? హోమ్‌లోన్‌కు అప్లై చేస్తే బ్యాంకు లాయరే లీగల్ ఒపీనియన్ ఇస్తాడు. బ్యాంకు 30 ఏళ్ల లింకు చూడనిదే లోన్ ఇవ్వదు.

దస్తావేజు_రైటర్
ఆ ఒపీనియన్ బ్యాంకు అప్పు భద్రత కోసం. ప్యానెల్ లాయర్ తనకిచ్చిన కాగితాలే చదువుతాడు. పహాణీ ఇవ్వకపోతే పహాణీ చూడడు, ప్లాట్ నేల మీద ఎక్కడుందో కొలవడు. టైటిల్ పోతే ఈఎంఐ మీరే కట్టాలి. బ్యాంకు ఒప్పుకోకపోతే కొనొద్దు, సరే. ఒప్పుకుంది కదా అని మాత్రం కొనేయొద్దు.

బ్యాంకు_ప్యానెల్
ఒప్పుకుంటా, ఫీల్డ్‌కు వెళ్లేది వాల్యుయర్, టైటిల్ చూసేది లాయర్, ఇద్దరూ కలిసి కూర్చోరు. ఒక్కటి చేర్చాలి. అసలు దస్తావేజులు బ్యాంకులో డిపాజిట్ చేసి తీసుకున్న అప్పు ఈసీలో రాకపోవచ్చు, సెర్సాయ్‌లో (తనఖాల కేంద్ర రిజిస్ట్రీ) వెతకండి. లింకు డాక్యుమెంట్ల ఒరిజినల్స్ చేత్తో పట్టుకుని చూడండి. "పోయింది, సర్టిఫైడ్ కాపీ ఉంది" అంటే పోలీసు ఫిర్యాదు, దొరకలేదన్న సర్టిఫికెట్, పేపర్ ప్రకటన అడగండి. ఒరిజినల్ ఉన్నా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫైడ్ కాపీ తీసి పేజీ పేజీ పోల్చండి. స్టాంపు పేపరు కొన్న తేదీ దస్తావేజు తేదీ కన్నా ముందుదో అదే రోజుదో కావాలి, హద్దుల్లో ప్లాట్ నంబర్లు దిద్ది ఉండకూడదు.

సర్వే_గొలుసు
కాగితాలన్నీ సరే, లేఅవుట్ ప్లాన్ ఉందా? మొత్తం ఎన్ని ప్లాట్లు? పహాణీలో 142 విస్తీర్ణం ఎంత?

కొత్తగా_కొంటున్నా
ప్లాన్‌లో 92 ప్లాట్లు, అన్నీ 200 గజాలే. పహాణీ నకలు ఇవాళే తీశాను. 142లో 3 ఎకరాల 20 గుంటలు. భూభారతిలో ఆ నంబర్ ఇంకా పట్టాదారు కొడుకు పేరు మీదే కనిపిస్తోంది, పహాణీ అన్న చెప్పినట్టే.

సర్వే_గొలుసు
లెక్క కట్టండి. గుంటకు 121 గజాలు. 3 ఎకరాల 20 గుంటలు అంటే 140 గుంటలు, 16,940 గజాలు. ప్లాన్‌లో ప్లాట్లే 92 × 200 = 18,400 గజాలు. ఒక్క అడుగు రోడ్డు వదలకముందే భూమి 1,460 గజాలు తక్కువ పడింది.

రోడ్లకు, ఖాళీ జాగాకు 30 శాతం తీసేస్తే మిగిలేది 11,858 గజాలు. అంటే 59 ప్లాట్లు. మిగతా 33 ప్లాట్లకు 6,600 గజాలు, ఎకరం 14 గుంటలకు పైనే, 142లో లేదు. మీది 87. ఆ 33లో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ.

ఎల్బీనగర్_రాజు
అమ్మో. ఈ లెక్క నేరుగా ప్లాన్ మీదే ఉంది, ముప్పై ఏళ్లుగా ఎవరూ కూడలేదా!

సర్వే_గొలుసు
జనం ప్లాట్ కొలతలు చూస్తారు, సర్వే నంబర్ మొత్తం చూడరు. ఇప్పుడు పక్క సర్వే నంబర్లు ఏవో గ్రామ నక్షాలో చూడండి. ఆ 33 ప్లాట్లు వాటిలోకి వెళ్లి ఉంటాయి. దస్తావేజులో "సర్వే నంబర్ 142 భాగం" అని రాసి, నేల మీద పక్క నంబర్‌లో రాళ్లు పాతితే, 142 మీద ఈసీ తీసినా నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక) చూసినా శుభ్రంగానే వస్తుంది. అసలు వెతకాల్సిన నంబర్ కాగితం మీద లేనే లేదు.

చేయాల్సింది: 142 టిప్పన్ (సర్వే కొలతల పటం) నకలు సర్వే ఆఫీసు నుంచి తీయించండి. లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తో మూడు సర్వే నంబర్లు కలిసే చోటి రాయి దొరకబుచ్చుకుని, అక్కడి నుంచి టోటల్ స్టేషన్ పరికరంతో 142 హద్దు గీయించండి. ఆ రాయి కదిలించి ఉంటే ఇంకో రెండు స్థిరమైన గుర్తుల నుంచి సరిచూడాలి. లేఅవుట్ రోడ్డు మూల నుంచి కొలిచి "ఇదే 87" అంటే ఒప్పుకోవద్దు, ఆ రోడ్డే తప్పు చోట ఉండొచ్చు.

గుంటూరు_కాలవ
ఆంధ్ర వైపు చదివే వాళ్లకు: పని ఇదే, కాగితాల పేర్లు వేరు. అడంగల్ (పహాణీ లాంటిది), 1-బి (పట్టాదారు ఖాతా), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం), పాత ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) చూడాలి. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు చోట చుక్కలుంటే చుక్కల భూమి, 2017 చట్టం కింద తేలిందా లేదా అడగాలి. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత నంబర్‌కు కొత్తది ఏదో కలిపి చూడకుండా ఈసీ తీస్తే సగం చరిత్ర పోతుంది. 22-ఏ నిషేధిత జాబితా రెండు నంబర్ల మీదా వెతకండి.

డాలస్_తెలుగు
మధ్యలో ఒక ప్రశ్న. ఇక్కడి నుంచి మా అన్నయ్యకు జీపీఏ పంపితే చెల్లుతుందా?

దస్తావేజు_రైటర్
చెల్లుతుంది. కాన్సులేట్‌లో గానీ అక్కడి నోటరీ దగ్గర గానీ సంతకం చేసి ధ్రువీకరించండి. నోటరీ అయితే అపోస్టిల్ (విదేశీ పత్రానికి అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణ) కూడా చేయించండి. పత్రం ఇండియా చేరిన 3 నెలల్లో ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఏ ఆస్తి, ఏ పని అన్నది సర్వే నంబర్‌తో సహా రాయండి, గుడ్డిగా "నా ఆస్తులన్నీ" అనొద్దు. మీరు అమ్మేవాళ్లయితే కొనేవాడికి ముందే చెప్పండి, ఎన్నారై అమ్మకంలో టీడీఎస్ (కొనేవాడు కోసి కట్టే పన్ను) మామూలు 1 శాతం కాదు, 50 లక్షల పరిమితీ వర్తించదు.

సివిల్_కోర్టు_మెట్లు
అడ్వాన్స్ అగ్రిమెంట్ గురించి రెండు మాటలు. మన దగ్గర అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కూడా రిజిస్టర్ చేయాల్సిన పత్రమే. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్‌ను స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ (ఒప్పందం అమలు చేయించే) దావాలో సాక్ష్యంగా వాడొచ్చు, గడువు 3 ఏళ్లు. కానీ అందులో "స్వాధీనం అప్పగించాము" అని ఒక్క వాక్యం రాస్తే సేల్‌డీడ్ అంత స్టాంపు డ్యూటీ పడుతుంది. కట్టకుండా కోర్టుకు తెస్తే పదింతల వరకు పెనాల్టీ. రైటర్లు పాత నమూనా నుంచి ఆ వాక్యం అలాగే దింపేస్తారు, చదివి కొట్టేయించండి.

5 లక్షలు నగదు ఇవ్వొద్దు. ఆస్తి అడ్వాన్స్ 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు. టైటిల్ తేలకపోతే ఇన్ని రోజుల్లో అడ్వాన్స్ వాపసు అని తేదీతో షరతు ఉండాలి.

కేసులు కూడా వెతకండి. దావా నడుస్తుండగా కొంటే దాని ఫలితం మీ నెత్తినే. ఈ-కోర్ట్స్‌లో పార్టీ పేరుతో వెతకాలి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కటే కొట్టి వదిలేయొద్దు, లక్ష్మయ్య అన్న పేరునే ఎక్స్‌తో ఒకచోట, కేఎస్‌హెచ్‌తో ఒకచోట రాస్తారు. పట్టాదారు, కొడుకు, 2006 కొన్నాయన, ఏజీపీఏ హోల్డర్ నలుగురి పేర్లూ చూడండి.

కొత్తగా_కొంటున్నా
అడ్వాన్స్ ఇవ్వలేదు. సర్వేయర్‌ను తీసుకెళ్లాం. టిప్పన్ ప్రకారం 142 హద్దు 60, 61 ప్లాట్ల మధ్యలోంచి పోయింది. 87 మొత్తం 143లో పడింది. 143 నిషేధిత జాబితాలో ఉంది, పహాణీలో లావుణి పట్టా అని రాసి ఉంది. మధ్యవర్తితో చెబితే 10 లక్షలు తగ్గిస్తా, అందరూ ఇళ్లు కట్టుకుంటున్నారు కదా అంటున్నాడు.

పహాణీ_పాతది
ఉత్తగ ఇచ్చినా తీసుకోవద్దు. లావుణి పట్టా అంటే సర్కారు బీదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం కింద అమ్మకమే చెల్లదు, తహసీల్దార్ కొన్నోళ్లను ఖాళీ చేపించి వాపసు తీసుకోవచ్చు. ఇండ్లు కట్టినోళ్లకు గూడ అదే భయం ఉన్నది.

ఎల్బీనగర్_రాజు
ఆంధ్రలో 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూమి అమ్ముకోవచ్చని 2023లో సవరణ చేశారు కదా, ఆ మాట ఇక్కడ కూడా చెప్పి అమ్ముతున్నారు.

గుంటూరు_కాలవ
అది ఆంధ్ర చట్ట సవరణ, అక్కడ కూడా షరతులున్నాయి. తెలంగాణ భూమికి దాంతో సంబంధం లేదు.

లక్ష్మి_నల్గొండ
సరే, 1 నుంచి 60 ప్లాట్ల వాళ్ల సంగతేంటి? భూమి 142లోనే ఉంది, కానీ భూభారతిలో పట్టాదారు కొడుకు పేరుంది. వాళ్లేం చేయాలి?

సివిల్_కోర్టు_మెట్లు
వాళ్లది బలమైన కేసే. తండ్రి అమ్మేసినదాన్ని కొడుకు విరాసత్‌లో పొందలేడు, 1991 రిజిస్టర్డ్ డీడ్ ముందుంది. పాస్‌బుక్ ఎంట్రీ మీద రెవెన్యూ దగ్గర అర్జీ పెట్టొచ్చు, కానీ హక్కు వివాదం తేల్చేది సివిల్ కోర్టే. అందరూ కలిసి వెళ్తే మంచిది, విడివిడిగా వెళ్తే ఖర్చూ పెరుగుతుంది, తీర్పులూ తేడా వస్తాయి.

జనం చేసే పొరపాటు ఒకటుంది. ఇంజంక్షన్ దావా (అవతలివాణ్ణి జోక్యం చేసుకోకుండా ఆపమని) ఒక్కటే వేస్తారు. డిక్లరేషన్‌తో (హక్కు నాదని ప్రకటించమని) ఇంజంక్షన్ అడిగితే మార్కెట్ విలువలో సగం మీద కోర్టు ఫీజు లెక్కగడతారు, అది తప్పించుకుందామని. అవతలివాడు పాస్‌బుక్ చూపించి టైటిల్ మీద మబ్బు కమ్మించాక ఒట్టి ఇంజంక్షన్ దావా నిలబడదు. 2008లో అనాతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. ఖాళీ ప్లాట్ స్వాధీనం టైటిల్ ఎవరిదైతే వాళ్లదే అనుకుంటారని కూడా ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి డిక్లరేషన్ మొదటి రోజే అడగాలి. అవతలివాడు ఇప్పటికే కంచె వేసుకుని ఉంటే స్వాధీనం కూడా అడగాలి, అప్పుడు ఫీజు ముప్పావు విలువ మీద.

సర్వే_గొలుసు
దావా వేసే ముందు టిప్పన్‌తో కొలిచిన నక్షా జతచేయండి. 60వ ప్లాట్‌లో కొంత 143లోకి పోయి ఉండొచ్చు, ఆయన తన ముక్కను విడిగా కొలిపించుకోవాలి.

కొత్తగా_కొంటున్నా
87 వదిలేశాం. అదే లేఅవుట్‌లో 22 అమ్మకానికి ఉందని వేరే మధ్యవర్తి ఫోన్ చేశాడు, యజమాని బతికే ఉన్నాడు, సేల్‌డీడ్ ఆయన పేరు మీదే ఉంది.

పహాణీ_పాతది
142ల పట్టాదారు కొడుకు పేరు తీసేదాక 22 గూడ ఆగున్రి. లేదంటే ఆ కొడుకును, ఆయన అక్కచెల్లెళ్లను మీ డీడ్‌ల కన్సెంటింగ్ పార్టీలుగ సంతకం పెట్టుమనున్రి. పెడితే కొనున్రి.